నక్షత్రాల చీటీ చెప్పే లెక్క: గృహోపకరణాలు, కార్యాలయ పరికరాలపై విద్యుత్ పొదుపు లేబుళ్లు

రాయచూరు జిల్లాకు ఉత్తరాన కృష్ణ, దక్షిణాన తుంగభద్ర. కృష్ణా తీరాన శక్తినగర్‌లో 1985లో తొలి యూనిట్‌తో ఆరంభమైన రాయచూరు థర్మల్ విద్యుత్ కేంద్రానికి నేడు ఎనిమిది యూనిట్లు, 1720 మెగావాట్ల సామర్థ్యం ఉన్నాయి. యరమరస్ వద్ద 800 మెగావాట్ల యూనిట్లు రెండు ఆ తరువాత వచ్చాయి. దక్షిణాది గ్రిడ్‌ను దేశపు గ్రిడ్‌తో ఏకం చేసిన 765 కిలోవోల్టుల రాయచూరు–షోలాపూర్ లైను 2013 డిసెంబరు 31న పని ప్రారంభించింది. ఇంత విద్యుత్తు పుట్టే, ఇంత విద్యుత్తు ప్రవహించే నేల మీదనే వేసవి బిల్లు చూసి గుండెలు బాదుకునే కుటుంబాలు ఉన్నాయి. కరెంటు ఎక్కడ పుట్టినా ఇంట్లో అది ఎంత ఖర్చగునో నిర్ణయించేది గోడ మీది మీటరు కాదు, ఆ మీటరు వెనుక తిరిగే పంకా, ఫ్రిజ్, మోటారు. వాటి ఆకలి ఎంతో కొనక ముందే తెలియజేసేది నక్షత్రాల చీటీ. దానినే స్టార్ లేబుల్ అంటారు.

సరిహద్దు గ్రామాల కుటుంబాలు రాయచూరులోనే కాక గద్వాల, ఆదోని, కర్నూలు, హైదరాబాదుల్లోనూ సామాను కొంటాయి. ఊరు మారితే ధర మారవచ్చు, దుకాణదారు మాట మారవచ్చు. లేబుల్ మాత్రం దేశమంతటా ఒక్కటే. కనుక దానిని చదవడం ఒకసారి నేర్చుకుంటే ఏ ఊరి దుకాణంలోనైనా పనికివస్తుంది.

చట్టం, చరిత్ర

కేంద్ర ప్రభుత్వం 2001లో ఇంధన పరిరక్షణ చట్టాన్ని చేసింది. అది 2002 మార్చి 1 నుండి అమలులోకి వచ్చింది. ఆ చట్టం కిందనే కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ పరిధిలో ఇంధన సామర్థ్య బ్యూరో ఏర్పడింది. దీనిని ఆంగ్ల పొడి అక్షరాలతో బి.ఇ.ఇ. అని పిలుస్తారు. బ్యూరో లేబుల్ పథకం 2006 మే నెలలో ప్రారంభమైంది. తొలి రోజులలో లేబుల్ వేయడం తయారీదారు ఇష్టానికి వదిలిన విషయం. ఇష్టానికి వదిలితే మంచి సరుకు చేసినవాడు అతికిస్తాడు, నాసి సరుకు చేసినవాడు ఊరుకుంటాడు. అందుచేత 2010 జనవరి నుండి ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లు, గది ఎ.సి.లు, ట్యూబ్‌లైట్లు, వీధులలో ఉండే పంపిణీ ట్రాన్స్‌ఫార్మర్లకు లేబుల్‌ను తప్పనిసరి చేశారు. తరువాతి కాలంలో డైరెక్ట్ కూల్ ఫ్రిజ్‌లు, నీళ్లు నిల్వ ఉంచే గీజర్లు, రంగుల టి.వి.లు ఈ జాబితాలో చేరాయి. ఎల్.ఇ.డి. బల్బులకు 2018లో, సీలింగ్ ఫ్యాన్లకు 2023 జనవరిలో తప్పనిసరి అయింది.

ఈ ఆలోచన మన దేశంలో పుట్టినది కాదు. అమెరికాలో పసుపు రంగు ఎనర్జీ గైడ్ చీటీ 1980 నుండి ఉన్నది. ఐరోపా దేశాలు 1990వ దశకంలో అక్షరాల లేబుల్‌ను తెచ్చాయి. అక్కడ ఎ దాటి ఎ ప్లస్, ఎ డబుల్ ప్లస్, ఎ ట్రిపుల్ ప్లస్ వరకు వెళ్లి కొనేవారికి గందరగోళమై, 2021 మార్చి నుండి కొన్ని వస్తువులకు మళ్లీ ఎ నుండి జి వరకు తిరిగి మొదలుపెట్టారు. అక్షరం రాని వారికీ లెక్కపెట్టడం వచ్చు. అందుకే మన దేశంలో ఒకటి నుండి ఐదు వరకు నక్షత్రాలు పెట్టిన పద్ధతి గ్రామీణులకు అనువైనది.

రెండు రకాల లేబుళ్లు

బ్యూరో లేబుళ్లు ముఖ్యంగా రెండు విధాలు. మొదటిది పోల్చి చూపే లేబుల్. ఫ్రిజ్, ఎ.సి., ఫ్యాను, టి.వి.ల మీద నక్షత్రాలతో కనిపించేది ఇదే. రెండవది సమ్మతి లేబుల్. ఇందులో నక్షత్రాల మెట్లు ఉండవు. ఆ పరికరం నిర్ణీత ప్రమాణాన్ని అందుకున్నదని మాత్రమే చెబుతుంది. ల్యాప్‌టాప్ వంటి కార్యాలయ పరికరాలకు బ్యూరో అనుసరించిన పద్ధతి ఇది.

ఐ.ఎస్.ఐ. ముద్రకు, నక్షత్రాల చీటీకి తేడా ఉన్నది. ఐ.ఎస్.ఐ. ముద్ర వస్తువు భద్రతకు, నాణ్యతకు సంబంధించినది. నక్షత్రాలు విద్యుత్ ఖర్చుకు సంబంధించినవి. ఐదు నక్షత్రాలు ఉన్నంత మాత్రాన ఆ వస్తువు పదేళ్లు మన్నుతుందని గాని, రిపేరు సులభమని గాని అర్థం కాదు. గ్యారంటీ చీటీ వేరు, ఇది వేరు.

లేబుల్‌ను చదివే విధానం

దుకాణంలో చాలామంది నక్షత్రాలను మాత్రమే లెక్కపెట్టి ముందుకు సాగుతారు. నక్షత్రాల కింద ఉన్న చిన్న అక్షరాలలోనే అసలు సంగతి ఉన్నది. వరుసగా నాలుగు విషయాలు చూడాలి.

మొదటిది, సంవత్సరానికి ఎన్ని యూనిట్లు అనే అంకె. ఫ్రిజ్ మీద 240 అని ఉంటే నెలకు 20 యూనిట్లు అని అర్థం. 180 అని ఉంటే నెలకు 15. రెండు ఫ్రిజ్‌లకూ మూడేసి నక్షత్రాలే ఉండవచ్చు, అయినా అంకెలు వేరు కావచ్చు. ఎందుకనగా నక్షత్రాలు ఆ రకంలో, ఆ పరిమాణంలో వస్తువును తూచి ఇస్తారు. పెద్ద ఫ్రిజ్ ఐదు నక్షత్రాలు పొందినా, మూడు నక్షత్రాల చిన్న ఫ్రిజ్ కన్నా ఎక్కువ కరెంటు తినవచ్చు. కాబట్టి ముందుగా ఇంటికి కావలసిన పరిమాణం నిశ్చయించుకొని, ఆ పరిమాణంలో నక్షత్రాలు పోల్చడం సరైన పద్ధతి.

రెండవది, లేబుల్ చెల్లుబాటు కాలం. దీని గురించి కింద విడిగా వివరించబడినది.

మూడవది, మోడల్ సంఖ్య. లేబుల్ మీది మోడల్, వస్తువు వెనుక పలక మీది మోడల్ ఒకటే అయి ఉండాలి. తేడా ఉంటే ఆ లేబుల్ ఆ వస్తువుది కాదు.

నాలుగవది, పరీక్షా పరిస్థితుల గురించిన గమనిక. లేబుల్ అంకె ప్రయోగశాలలో, నిర్ణీత ఉష్ణోగ్రత వద్ద తేలినది. మే నెలలో రాయచూరు వంటింట్లో రేకుల కప్పు కింద గోడకు ఆనించి పెట్టిన ఫ్రిజ్ ఆ అంకె కన్నా ఎక్కువే వాడుతుంది. పోల్చుకోవడానికి లేబుల్ నమ్మదగినది. బిల్లును పైసలతో ముందే చెప్పేది మాత్రం కాదు.

కాలం మారితే నక్షత్రం తగ్గును

సాంకేతికత మెరుగుపడిన కొద్దీ బ్యూరో కొలబద్దను బిగిస్తూ ఉంటుంది. స్ప్లిట్ ఎ.సి.లలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. ఎ.సి. ఒక సంవత్సరంలో తొలగించే వేడిని, అందుకు వాడే కరెంటుతో భాగిస్తే వచ్చే సంఖ్యను ఐ.ఎస్.ఇ.ఇ.ఆర్. అంటారు. ఆ సంఖ్య ఎంత పెద్దదైతే యంత్రం అంత పొదుపరి. 2018 నుండి 2022 జూన్ వరకు ఈ సంఖ్య 4.5 ఉంటే ఐదు నక్షత్రాలు. 2022 జూలై నుండి ఐదు నక్షత్రాలకు 5.0 ఉండాలని మార్చారు. అంటే 2021లో 4.6తో ఐదు నక్షత్రాలు పొందిన ఎ.సి. మరుసటి సంవత్సరం నాలుగు నక్షత్రాలకు దిగింది. యంత్రం మారలేదు, కొలబద్ద మారింది.

సీలింగ్ ఫ్యాన్ల విషయంలో ఈ మార్పు మరింత తీవ్రం. తప్పనిసరి లేబుల్‌తో పాటు వచ్చిన కొత్త పట్టికలో పాత ఐదు నక్షత్రాల ఫ్యాను దాదాపు ఒక నక్షత్రానికి జారింది. కనుక పాత సరుకు అమ్మేవారు "ఐదు నక్షత్రాలు" అన్నప్పుడు, ఏ కాలపు ఐదు నక్షత్రాలో లేబుల్ మీది తేదీలను చూసి తెలుసుకోవాలి. సెకండ్ హ్యాండ్ సామాను కొనేవారు ఈ జాగ్రత్తను అసలు మరువరాదు.

ఏ వస్తువులో ఎంత తేడా

సీలింగ్ ఫ్యాను: గ్రామీణ కుటుంబానికి అన్నిటికన్నా ఎక్కువ లాభం ఇందులోనే. పాత తరహా ఫ్యాను సుమారు 75 వాట్లు వాడుతుంది. బి.ఎల్.డి.సి. మోటారు గల ఫ్యాను అదే గాలిని 30 వాట్ల చుట్టుపక్కల ఇస్తుంది. రోజుకు 14 గంటలు తిరిగితే నెలకు మొదటిది 31.5 యూనిట్లు, రెండవది 12.6 యూనిట్లు. తేడా దాదాపు 19 యూనిట్లు. ఫ్యాను లేబుల్‌లో సర్వీస్ వాల్యూ అనే సంఖ్య ఉంటుంది. నిమిషానికి ఇచ్చే గాలిని వాట్లతో భాగించగా వచ్చినది అది. వాట్లు తక్కువని కొన్న ఫ్యాను గాలి ఇవ్వకపోతే ప్రయోజనం లేదు, అందుకే రెండింటినీ కలిపి కొలుస్తారు. ఇంట్లో పాత ఫ్యాను ఉంచుకోదలచినవారు పెద్ద డబ్బా రెగ్యులేటరును తీసి ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు పెట్టుకోవడం మేలు. పాతది వేగం తగ్గించినప్పుడు కరెంటును వేడిగా పోగొడుతుంది.

దీపాలు: 60 వాట్ల పాత బల్బు ఇచ్చే వెలుతురును 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు ఇస్తుంది. కేంద్ర ప్రభుత్వం 2015 జనవరి 5న ప్రారంభించిన ఉజాల పథకం కింద దేశంలో 36 కోట్లకు పైగా ఎల్.ఇ.డి. బల్బులు పంపిణీ అయ్యాయి. కర్ణాటకలో ఇది హొస బెళకు పేరుతో నడిచింది. అయితే బల్బు మార్చిన ఇళ్లలో సైతం పాత చోక్ ట్యూబ్‌లైట్లు అలాగే ఉండిపోయాయి. చోక్‌తో కలిపి అది 50 వాట్ల వరకు వాడితే, ఎల్.ఇ.డి. ట్యూబ్ 20 వాట్లతో సరిపెట్టుకుంటుంది.

ఫ్రిజ్: రోజుకు 24 గంటలు కరెంటు మీదనే ఉండే వస్తువు ఇది. డైరెక్ట్ కూల్ రకంలో గడ్డకట్టిన మంచును మనమే కరిగించాలి, ఫ్రాస్ట్ ఫ్రీలో యంత్రమే కరిగించుకుంటుంది. ఆ సౌకర్యానికి కొంత అదనపు కరెంటు కావాలి. తలుపు రబ్బరు సడలిన ఫ్రిజ్‌కు ఎన్ని నక్షత్రాలున్నా వ్యర్థమే. తలుపులో ఒక కాగితం పెట్టి మూసి లాగినప్పుడు సులువుగా ఊడివస్తే రబ్బరు మార్చవలసి ఉన్నదని గ్రహించాలి.

ఎ.సి.: లేబుల్ మీది అంకె సంవత్సరానికి 1600 గంటల వాడకం లెక్కన ఇచ్చినది. అంకె 1000 అయితే గంటకు 0.625 యూనిట్. రాత్రి 8 గంటలు నడిపితే 5 యూనిట్లు, నెలకు 150. అదే చల్లదనాన్ని 760 యూనిట్లతో ఇచ్చే ఎ.సి. అయితే నెలకు 114. స్టార్ లేబుల్ ఉన్న గది ఎ.సి.లు ఆన్ చేయగానే 24 డిగ్రీల వద్ద మొదలు కావాలని 2020 జనవరి 1 నుండి నియమం ఉన్నది. ఒక్కొక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం ఆదా అని బ్యూరో చెబుతుంది. ఇన్వర్టర్ ఎ.సి. అనగానే కరెంటు పోయినప్పుడు బ్యాటరీ మీద నడిచేదని కొందరు పొరబడుతున్నారు. అది సరికాదు. అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగాన్ని తగ్గించుకునే యంత్రానికే ఆ పేరు.

గీజర్: దీని నక్షత్రాలు కాచిన నీటి వేడిని తొట్టి ఎంతసేపు నిలుపుకుంటుందో మాత్రమే చెబుతాయి. నీళ్లు కాచడానికి పట్టే కరెంటు ఏ గీజరుకైనా ఒక్కటే. 15 లీటర్ల నీటిని 30 డిగ్రీలు వేడెక్కించడానికి సుమారు అర యూనిట్ పైన కావాలి. స్నానానికి కొద్ది ముందు వేసి, కాగగానే ఆపేవారికి నక్షత్రాల తేడా స్వల్పం. రోజంతా వేసి ఉంచేవారికి అధికం.

బోరు మోటారు: పంపు సెట్లకు లేబుల్ స్వచ్ఛందం. కర్ణాటకలో 10 హార్స్ పవర్ వరకు సాగు పంపులకు కరెంటు ఉచితం కావడం వలన సింధనూరు, మాన్వి ప్రాంతపు రైతులు నక్షత్రాలను అడగడం అరుదు. అయినా సామర్థ్యం గల పంపు కరెంటు ఉన్న కొద్ది గంటలలోనే ఎక్కువ నీళ్లు తోడుతుంది. అది బిల్లుకు కాక పైరుకు సంబంధించిన లాభం.

కార్యాలయ పరికరాలు

గ్రామ పంచాయతీ, సహకార సంఘం, బడి, గ్రామ ఒన్ కేంద్రం, తెలంగాణ వైపు మీ సేవ కేంద్రం, జెరాక్స్ దుకాణం — నేడు సరిహద్దు గ్రామాలలో సైతం కంప్యూటర్లు, ప్రింటర్లు లేని చోటు తక్కువ. కంప్యూటర్లకు పొదుపు ముద్ర వేసే పద్ధతిని 1992లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఎనర్జీ స్టార్ పేరుతో ప్రారంభించింది. మొదట ముద్ర పొందినవి కంప్యూటర్లు, మానిటర్లే. పని లేనప్పుడు తనంతట తాను నిద్రావస్థకు వెళ్లడం అప్పటి ముఖ్య నియమం. మన బ్యూరో పథకంలో ల్యాప్‌టాప్‌లు, ప్రింటర్లు, కాపీ యంత్రాలు స్వచ్ఛంద విభాగంలోకి వచ్చాయి.

ఈ పరికరాలలో ఖర్చు పని చేసినప్పటి కన్నా ఊరకే ఉన్నప్పుడు పేరుకుంటుంది. డెస్క్‌టాప్, మానిటర్ కలిసి 120 వాట్లు వాడుతున్నవనుకుంటే, పది గంటలు తెరిచి ఉంచిన కేంద్రంలో రోజుకు 1.2 యూనిట్లు. 40 వాట్ల ల్యాప్‌టాప్ అయితే 0.4. లేజర్ ప్రింటరు, జెరాక్స్ యంత్రం కాగితం మీద పొడిని అతికించడానికి లోపలి రోలరును వేడిగా ఉంచుతాయి. మధ్యాహ్నం గిరాకీ లేని రెండు గంటలు ఆపినా చిన్న దుకాణానికి నెల తిరిగేసరికి తేడా తెలుస్తుంది. దుకాణాలకు ఇంటి రాయితీ వర్తించదు. ప్రతి యూనిట్‌కూ వాణిజ్య ధర చెల్లించాలి. అందుచేత ఈ జాగ్రత్త ఇళ్ల కన్నా ఇక్కడే ఎక్కువ అవసరం.

200 యూనిట్ల గీత

రాయచూరు జిల్లాకు విద్యుత్ పంపిణీ చేసేది కలబురగి కేంద్రంగా ఉన్న గెస్కాం. కర్ణాటక ప్రభుత్వం గృహజ్యోతి పథకాన్ని 2023 ఆగస్టు 5న ఆ కలబురగిలోనే ప్రారంభించింది. ఈ పథకంలో ప్రతి ఇంటికీ 200 యూనిట్లు ఉచితమని చాలామంది అనుకుంటారు. వాస్తవం వేరు. 2022–23లో ఆ ఇంటి నెలసరి సగటు వాడకానికి 10 శాతం కలిపి ఆ ఇంటి అర్హత నిర్ణయించారు. చాలా తక్కువ వాడే ఇళ్లకు శాతానికి బదులు 10 యూనిట్లు కలిపే మార్పు 2024లో చేశారు. అర్హత దాటి 200 లోపు వాడితే అదనపు యూనిట్లకు చెల్లించాలి. 200 దాటితే ఆ నెల మొత్తం బిల్లు చెల్లించాలి. తెలంగాణలో ఇదే పేరుగల పథకం 2024 మార్చి నుండి తెల్ల రేషన్ కార్డు గల, 200 యూనిట్ల లోపు వాడే ఇళ్లకు వర్తిస్తున్నది. నదికి ఇటైనా అటైనా గీత ఒక్కటే.

ఒక ఇంటి మే నెల లెక్క చూద్దాం. 75 వాట్ల ఫ్యాన్లు మూడు, రోజుకు 14 గంటలు: 94.5 యూనిట్లు. 180 వాట్ల కూలర్ 8 గంటలు: 43.2. చోక్ ట్యూబ్‌లైట్లు మూడు, 6 గంటలు: 27. ఫ్రిజ్: 25. టి.వి. 5 గంటలు: 12. మిక్సీ, ఇస్త్రీ పెట్టె, ఫోన్లు: 8. మొత్తం 209.7 యూనిట్లు. ఈ ఇంటి అర్హత 150 యూనిట్లు అనుకుంటే, గీత దాటినది పది యూనిట్ల లోపే అయినా చెల్లించవలసినది మొత్తం 210 యూనిట్లకు. యూనిట్ ఆరు రూపాయలుగా చూస్తే రూ.1260, ఆపైన స్థిర ఛార్జీలు, పన్ను.

అదే ఇంట్లో మూడు ఫ్యాన్లను 30 వాట్లవిగా మారిస్తే 56.7 యూనిట్లు తగ్గుతాయి. ట్యూబ్‌లైట్లను ఎల్.ఇ.డి.గా మారిస్తే మరో 16.2. మొత్తం 136.8కి దిగుతుంది. అర్హత 150 కనుక బిల్లు సున్నా. కూలర్ తీయలేదు, ఫ్రిజ్ ఆపలేదు, పిల్లలను చీకట్లో కూర్చోబెట్టలేదు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. సంవత్సరమంతా అర్హత లోపలే ఉండే ఇంటికి ఖరీదైన ఫ్యాను కొన్నందువలన చేతికి డబ్బు రాదు. బిల్లు అప్పటికే సున్నా. లాభం ఎవరికంటే వేసవిలో గీత దాటే ఇళ్లకు, రాయితీ లేని అద్దె గదులకు, దుకాణాలకు. బిల్లు కట్టే ఇంట్లో ఫ్యాను ధరలో తేడా రూ.1200 అనుకుంటే, నెలకు 19 యూనిట్ల చొప్పున సంవత్సరంలో ఎనిమిది నెలల వాడకానికి దాదాపు రూ.900 మిగులుతుంది. ఏడాదిన్నర తిరగక ముందే ఆ తేడా తీరిపోతుంది. కనుక ఎవరి ఇంటి బిల్లును బట్టి వారు నిర్ణయించుకోవాలి. గత వేసవి బిల్లులు తీసి చూస్తే ఆ సంగతి తేలిపోతుంది.

మోసాలు, ఫిర్యాదులు

లేబుల్ వేయవలసిన బాధ్యత తయారీదారుది, దిగుమతిదారుది. దుకాణంలో విడిగా అతికించేది కాదు. బ్యూరో విపణి నుండి నమూనాలు తీసి గుర్తింపు పొందిన ప్రయోగశాలలలో పరీక్షిస్తుంది. లేబుల్‌లో చెప్పినది నిజం కాదని రుజువైతే అనుమతి రద్దు చేయవచ్చు. చట్టాన్ని ఉల్లంఘించినవారికి రూ.10 లక్షల వరకు జరిమానా ఉన్నది.

కొనేవారు చేయదగినవి కొన్ని. తప్పనిసరి జాబితాలోని వస్తువుకు లేబుల్ లేకపోతే కొనరాదు. లేబుల్‌పై అనుమానం కలిగితే బ్యూరో వారి స్టార్ లేబుల్ మొబైల్ యాప్‌లో మోడల్ సంఖ్య ఇచ్చి సరిచూసుకోవాలి. బిల్లు మీద మోడల్ సంఖ్య, నక్షత్రాల సంఖ్య రాయించుకోవాలి. రాత లేని మాటకు తరువాత సాక్ష్యం ఉండదు. మోసం జరిగినదని తోస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరులో ఫిర్యాదు చేయవచ్చు. మీటరు, సరఫరాలకు సంబంధించిన ఫిర్యాదులకు 1912. ఇంధన పరిరక్షణ విషయమై కర్ణాటకలో బాధ్యత గల సంస్థ కర్ణాటక పునరుత్పాదక ఇంధన అభివృద్ధి సంస్థ.

ముగింపు

శక్తినగర్ కేంద్రానికి వచ్చే బొగ్గులో సింగరేణి గనుల బొగ్గూ ఉన్నది. గోదావరి తీరాన తవ్విన బొగ్గు కృష్ణా తీరాన కాలి ఒక్క యూనిట్ కరెంటుగా మారడానికి సుమారు 700 గ్రాములు కావాలి. బొగ్గులోని వేడిలో మూడింట రెండు వంతులు కరెంటు కాకుండానే పోతుంది. మిగిలినదానిలో కొంత తీగలలో హరిస్తుంది. అంత దూరం వచ్చిన యూనిట్‌ను ఇంట్లో వృథా చేస్తే నష్టం ఇంటికీ, ఆ పొగ పీల్చే చుట్టుపక్కల ఊళ్లకూ కూడా.

పెళ్లి సామాను కొనేటప్పుడు, సంక్రాంతికో ఉగాదికో కొత్త వస్తువు తెచ్చేటప్పుడు రంగు, తలుపుల మీది పువ్వులు, కంపెనీ పేరు అందరూ చూస్తారు. వాటితో పాటు చీటీ మీది అంకెను, దాని కాలాన్ని చదివే అలవాటు ఇంటిల్లిపాదికీ కావాలి. ఫ్రిజ్ పదేళ్లు, ఫ్యాను పదిహేనేళ్లు ఇంట్లో ఉంటాయి. కొన్న రోజు ధర ఒక్కసారే కడతాం, నక్షత్రాల ధర నెలనెలా కడతాం.